జంట పేరు, ఒంటి పేరు



మాఘమాసమున అంతర్వేది కల్యాణమునకు పోవు జనము నరసాపురపు రేవున వసిష్ఠ గోదావరిని దాటి సఖినేటిపల్లి ఒడ్డున దిగుట మనమందరము ఎరిగినదే. తీర్థమనగా స్వామి దర్శనము, అంగడి, చుట్టపుచూపు. వీని తరువాత రాత్రికి నాటకము. ఒకనాడు మన లంకలలోను, కాలువగట్ల పల్లెలలోను ఉత్సవము దగ్గరపడినప్పుడు పెద్దలు కూర్చుండి మొట్టమొదట వేసికొను ప్రశ్న, “ఏ సమాజమును పిలుతము?” అని. కొంతకాలమునకు ఆ ప్రశ్న మారిపోయినది. “కృష్ణుడెవరు?” అని అడుగసాగిరి. ఈ రెండు ప్రశ్నల నడుమ ఒక చరిత్ర కలదు. అదియే నేటి నా ప్రసంగ విషయము.

పదిమంది కూడి చేసిన పనిలో ఒక్కని పేరు పైకి లేచినప్పుడు ఏమి జరుగును? లేచినవాడు వెడలిపోవుట న్యాయమా? మిగిలినవారు అతనిని పట్టి ఉంచుట న్యాయమా? ఈ చిక్కు భజన గోష్ఠికిని ఉన్నది, మేళమునకును ఉన్నది, అన్నదమ్ముల ఉమ్మడి సేద్యమునకును ఉన్నది. మన నాటకరంగమున అది మిక్కిలి స్పష్టముగా కనబడును గనుక ఆ కథనే చెప్పెదను.

మన గోదావరి సీమలో నాటక ప్రదర్శనము 1880లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారితో ఆరంభమైనది. వీరవాసరమున పెరిగి, నరసాపురమున కొంత చదువుకొని, రాజమహేంద్రవరము చేరిన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అచటి నటుల కొరకు గయోపాఖ్యానము మొదలగు నాటకములను రచించిరి. ఇమ్మనేని హనుమంతరావు నాయుడుగారు అప్పటి యువకులను కూడగట్టి ఆడించుచుండిరి. ఆ యువకులలో టంగుటూరి ప్రకాశముగారు ఒకరు. వారు రంగము వీడి న్యాయవాదియై, పిదప దేశసేవలో ప్రవేశించి, ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రి అయిరి. వారు వెడలినందుకు సమాజమునకు లోటే గాని, తగవు రాలేదు. కారణమేమి? ఆ నాటకములలో ఎవరికిని జీతము లేదు. ఎవరి బ్రతుకుతెరువు వారికి వేరుగా ఉండెను. అన్నము ముడిపడని చోట వీడ్కోలు సులభము.

తరువాత అన్నము ముడిపడినది. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో మైలవరము జమీందారుగారి పోషణలో బెజవాడ కేంద్రముగా మైలవరము బాలభారతీ నాటక సమాజము వెలసినది. నటులకు నెలజీతములు, విలువగల తెరలు, దుస్తులు, మంచి వాద్యములు అమరినవి. పాపట్ల కాంతయ్యగారు బాణీలు కూర్చిరి. యడవల్లి సూర్యనారాయణగారు ప్రధాన పాత్రలు ధరించిరి. 1921లో తెనాలియందు రామవిలాస సభ ఏర్పడి, స్థానము నరసింహారావుగారు, మాధవపెద్ది వెంకటరామయ్యగారు మొదలగువారికి పేరు తెచ్చినది. ఇట్టి సమాజములలో నాటకము దినముల తరబడి అభ్యసింపబడెడిది. ద్వారపాలకుడు ఎప్పుడు తొలగవలెనో, హార్మోనియము ఎచట ఆగవలెనో అందరికిని తెలియును. పెద్ద వేషగాని పద్యము వెనుక పదిమంది శ్రమ ఉండెడిది.

అయితే ప్రేక్షకుని చెవి ఆ పదిమందిని వినదు, పద్యమును వినును. ఇంతలో గ్రామఫోను పలకలు వచ్చినవి. కపిలవాయి రామనాథశాస్త్రిగారి గాత్రము పలకల మీద నిలిచి, వారిని కన్నులార చూడని గ్రామములకు సైతము చేరినది. పలక మీద ఉండునది గాయకుని పేరు. తెర లాగినవాని పేరు కాదు. రైలు, మోటారు వచ్చుటచే నటుడు నేడొక ఊర, రేపొక ఊర ఆడుటకు వీలు కలిగినది. 1932లో భక్తప్రహ్లాదతో తెలుగు మాటల చిత్రములు మొదలైనవి. 1936లో ద్రౌపదీ వస్త్రాపహరణము, ద్రౌపదీ మానసంరక్షణము అని ఒకే కథతో రెండు చిత్రములు పోటీగా వచ్చినప్పుడు, ఒకదానిలో యడవల్లివారు దుర్యోధనుడైరి, రెండవదానిలో బళ్లారి రాఘవగారు దుర్యోధనుడైరి. చిత్రములవారు సమాజమును పిలువలేదు, నటుని పిలిచిరి.

ఈ సందున కంట్రాక్టరు ప్రవేశించెను. అతని పద్ధతి సులువైనది. ఒక ఊరి కృష్ణునికి, వేరొక ఊరి అర్జునునికి, మరొక ఊరి దుర్యోధనునికి బయానా పంపును. కరపత్రములో పేర్లు పెద్ద అక్షరములతో అచ్చొత్తించును. నటులు సాయంకాలము బండి దిగి, రంగు పూసికొను గదిలోనే ఒకరినొకరు పలుకరించుకొందురు. కలిసి అభ్యాసము చేయుట లేదు. ఒక్కొక్క పద్యమునకు రాగము సాగును, జనము వన్సుమోరు అందురు, పద్యము మరల వచ్చును. ఒకే రాత్రి, ఒకే నాటకమున ఒక కృష్ణుడు పడకసీనున, మరియొక కృష్ణుడు రాయబారమున కనబడుట పల్లెలలో వింతగాక వేడుకయైనది. వీనికే కంట్రాక్టు నాటకములని, కాంబినేషను నాటకములని పేరు.

ఇందులో తప్పెవరిది? రెండు పక్షముల మాటయు వినవలెను.

నటుడు ఇట్లనును: “నా గొంతు ఉన్నన్నాళ్లే నా బ్రతుకు. సమాజమునకు జమీందారుగారి దయ ఉన్నన్నాళ్లే ఆయువు. రేపు వారు తెరలు కట్టివేసినచో నా బిడ్డలకు ఎవరు పెట్టుదురు? జనము నన్ను చూచుటకు వచ్చుచుండగా, నా జీతము మాత్రము నలుగురితోపాటే ఉండవలెనా?” ఈ మాటలో అసత్యము లేదు. ఆనాడు నటునికి ఉపకారవేతనము లేకుండెను. ముదిమిలో ఆదరువు లేకుండెను.

సమాజమువారు ఇట్లందురు: “పద్యము ఎత్తుట నేర్పినవారము మేము. నీకు ముందు రంగమున నిలిచి జనమును నిశ్శబ్దపరచినవారు మా చిన్న వేషగాండ్రు. నీవు వెడలిన నాడు నీ ఒక్కని కూడు పెరుగును. ఇచట పదిమంది కూడు తరుగును.” ఈ మాటలోను అసత్యము లేదు. చెలికత్తె వేషమువాడు, తబలా వాయించువాడు, తెర వెనుక మాట అందించువాడు ఒంటిగా పోయి ఆడజాలరు. సమాజము విరిగినచో వారు మరల పొలమునకో, కూలికో పోవలసినదే.

ఈ తగవు మనకే పరిమితము కాదు. ఇంగ్లండు దేశమున లివర్‌పూలు రేవుపట్టణములో నలుగురు యువకులు బీటిల్స్ అను పేరుతో జట్టుకట్టి, రాక్ అనెడి సంగీతమును వాయించి లోకమునంతయు ఆకర్షించిరి. జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ అను ఇద్దరు ఆ జట్టు పాటలలో పెక్కింటిని రచించిరి. యౌవనముననే వారొక ఒడంబడిక చేసికొనిరి: ఎవరు వ్రాసినను పాట క్రింద ఇద్దరి పేర్లును ఉండవలెనని. జట్టు ఉన్నంతకాలము ఆ ఇద్దరి నడుమ పేరు తగవు పెద్దగా బయటపడలేదు. కాని మూడవవాడైన జార్జి హారిసన్ పాటలకు పలకల మీద చోటు కొద్దిగనే దొరకెడిది. 1970లో జట్టు విరిగిన పిదప, అతడు తన పాటలతో మూడు పలకల సంపుటమును ఒక్కమారు వెలువరించెను. చోటు దొరకక పోగుపడినది ఎంతయో దీనివలన తెలియును. అదే సంవత్సరము డిసెంబరు 31వ తేదీన మెకార్ట్నీ భాగస్వామ్యమును రద్దుచేయుమని లండను న్యాయస్థానమున దావా వేసెను. స్నేహితుల పాట లెక్కల పుస్తకమున ముగిసినది. గమనింపుడు: పేరు విషయమున ముందుగా ఒప్పుకొన్న ఇద్దరికి జట్టు ఉన్నంతకాలము ఆ తగవు పెద్దగా రాలేదు, చోటు విషయమున, పైకము విషయమున మాట కుదరనందున అందరికిని తగవు వచ్చినది.

ఇప్పుడు మన యింటికి తిరిగి రండు. కంట్రాక్టరులు ఎక్కువగా ఆడించిన కృష్ణరాయబారము ఎవరి రచన? తిరుపతి వేంకట కవులది. వారి పాండవోద్యోగ విజయములలోని రంగములే ఆ కృష్ణులకును, అర్జునులకును ఆధారము. విచిత్రమేమనగా, ఒంటి పేర్లతో వెలిగిన ఆ నాటకమును సృష్టించినది జంట పేరు.

దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు 1872లో భీమవరమునకు చేరువనున్న యండగండిలో పుట్టిరి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు 1870లో కడియమున పుట్టిరి. తాడేపల్లిగూడెము ప్రాంతమునందలి కడియెద్దలో చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి సన్నిధిని ఇద్దరును సహాధ్యాయులు. కలిసి అవధానములు చేసిరి, కలిసి గ్రంథములు రచించిరి. తరువాత బ్రతుకు వారిని వేరు ఊళ్లకు పంపినది. తిరుపతిశాస్త్రిగారు పోలవరము సంస్థానమును ఆశ్రయించిరి. వేంకటశాస్త్రిగారు బందరులో హిందూ ఉన్నత పాఠశాలయందు తెలుగు పండితులైరి. ఇద్దరిలో ఎవరు ఏ పద్యము చెప్పిరని తెలిసికొన గోరువారికి ఆనాడు కొదువ లేదు. అయినను జంట పేరు విరుగలేదు.

1920లో తిరుపతిశాస్త్రిగారు కీర్తిశేషులైరి. వేంకటశాస్త్రిగారు మరి ముప్పది యేండ్లు జీవించిరి. ఆ తరువాత వ్రాసినదంతయు వారొక్కరి కష్టమే. తన పేరు మాత్రమే వేసికొన్నచో కాదనువారు లేరు. దావా వేయువారు అంతకంటె లేరు. అయినను వారు తమ రచనలను తిరుపతి వేంకటీయములుగనే లోకమునకు అందించిరి. 1949లో మద్రాసు ప్రభుత్వము వారిని ఆస్థానకవిగా గౌరవించినది. 1950లో వారు శివసాయుజ్యము పొందిరి. మిత్రుడు లేని ముప్పది యేండ్లు మిత్రుని పేరు మోసిన మనుష్యుడు మన సీమవాడని తలచుకొన్న, నా మట్టుకు నాకు ఒళ్లు పులకరించును.

అందరును అట్లుండగలరా? ఉండలేరు. అందుకు మూడవ దారి ఒకటి కలదు. 1885లో కడప మండలమునందలి సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు కీచకవధ ఆడించి కుటుంబ సమాజమునకు నాంది పలికిరి. ఆ కుటుంబము పెరిగినకొలదిని సమాజము చీలినది. కొడుకులు, అల్లుండ్రు వేరు తెరలు, వేరు పెట్టెలు కట్టుకొని వేరు ఊళ్లకు పోయిరి. కాని ఏ శాఖ ఎచటికి పోయినను సురభి అను ఇంటిపేరు మానలేదు. మఱ్ఱి ఊడ నేల తాకి మ్రానైనను ఆ చెట్టు పేరు మఱ్ఱియే గదా. విడిపోవుట నేరము కాదు. పుట్టిన చోటు మరచుటయే నేరము.

పడకసీనును ఒకమారు స్మరింపుడు. దుర్యోధనునికి సేన దక్కినది. అర్జునుడు కృష్ణుని ఒక్కనినే కోరెను. కంట్రాక్టరు తానును అర్జునుని వలెనే ఒక్కని కోరితినని మురియును. కాని ఆ ఒక్కడు ఏమి చేసెను? ఆయుధము పట్టలేదు; సారథియై పగ్గములు పట్టెను. రథము ముందుభాగమున కూర్చుండియు, బాణము మరియొకరిదని ఒప్పుకొనెను. అట్టి ఒక్కడు దొరకినచో సమాజము గెలుచును. పగ్గములు విడిచి తానే రథమును, తానే బాణమును అనుకొన్న ఒక్కడు దొరకినచో ఆ రాత్రి పద్యములు మిగులును గాని, నాటకము మిగులదు.

చివరకు ఒక మాట. నటుని నిందించితిమి, కంట్రాక్టరును నిందించితిమి. చందా ఎత్తి బయానా ఇచ్చినది ఎవరు? మనమే. కరపత్రములో పెద్ద అక్షరములను మాత్రమే చదివినది మనమే. చిన్న వేషగాడు నోరు తెరచినప్పుడు చుట్ట ముట్టించుకొనుటకు లేచిపోయి, వన్సుమోరునకు మాత్రము తిరిగి వచ్చినదియు మనమే. పద్యనాటకము మన పల్లెలలో నేటికిని ఆడుచున్నారు. కావున మీ ఊరి ఉత్సవమునకు ఈ యేడు ఒప్పందము వ్రాయునప్పుడు మూడు సంగతులు అడుగుడు: ఈ నటులు కలిసి ఎన్నిసార్లు అభ్యాసము చేసిరి? హార్మోనియమువానికి, చిన్న వేషములకు ఎంత ముట్టును? కరపత్రములో వారి పేర్లు ఉన్నవా, లేవా?

పెద్ద వేషగానికి తగ్గించి ఇండని నేను అనను. అతని గొంతుకు తగిన వెల ఇండు. కాని అతనితోపాటు వచ్చిన పదిమందిని తెల్లవారుజామున రేవు దాటించి పంపునప్పుడు, వారిని పేరు పెట్టి పిలిచి మరి పంపుడు.