ఒక పుల్ల, రెండు గోళీలు, బెత్తెడు వాల్‌ట్యూబు

బందరు గాలికి బంగారం నల్లబడదు గాని ఇనుము మాత్రం నిలవదని మా అమ్మమ్మ అనేది. చిలకలపూడిలో రాగి మీద బంగారం పొదిగి నగలు చేసే వూరు కదా, ఆ ధీమా వుండొచ్చు. సైకిలు వున్నవాడి సంగతి వేరు. సముద్రం మీంచి వచ్చే ఉప్పు తేమ రిమ్ము పూత కిందికి దూరిందంటే నాలుగు రోజుల్లో చిలుం పొడలు పొడలుగా పైకి తేలుతుంది. బందరులో ఉప్పు, గుడివాడ చుట్టుపక్కల నల్లరేగడి, దివిసీమలో రెండూనూ. అందుకే మా వైపు సైకిలు చరిత్ర అంటే, నన్నడిగితే, రిపేరు చరిత్రే.

పుట్టింది మాత్రం ఇంగ్లండులోనే లెండి. రెండు చక్రాలూ దాదాపు ఒకే సైజులో వుండి, వెనక చక్రానికి చైను తగిలించిన ‘రోవర్’ సైకిలు 1885లో స్టార్లీ అనే ఆయన తయారుచేశాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు కనిపెట్టాడు. తన పిల్లవాడి మూడు చక్రాల బండి కుదుపులు చూడలేక కనిపెట్టాడట. ఆ గాలితోపాటే పంక్చరూ పుట్టింది. తర్వాత చాలాకాలం మనకి రాలీ, హెర్క్యులిస్, ఫిలిప్స్, బి.ఎస్.ఎ. అన్నీ ఓడల మీదే దిగాయి. సైకిలున్న ప్లీడరుగారంటే వీధిలో ఒక లెక్క.

యుద్ధం వచ్చింది. 1942 ఫిబ్రవరిలో సింగపూరు పడిపోయింది. అప్పటికే మలయా రబ్బరు తోటలు జపానువాళ్ళ చేతికి చిక్కాయి. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. బాంబుల భయం కొన్నాళ్ళకి సర్దుకుంది గాని టైర్ల కరువు సర్దుకోలేదు. ట్యూబు చివికిపోతే వరిగడ్డిని తాడులా పేని టైరులో కుక్కి తొక్కేవారని మా తాతయ్య చెప్పేవారు. “కూర్చున్నవాడి నడుం విరిగేది గాని బండి మాత్రం నడిచేది” అని నవ్వేవారు.

స్వాతంత్ర్యం తర్వాత కథ మారింది. మద్రాసు అంబత్తూరులో 1949లో టి.ఐ. సైకిల్స్ మొదలైంది. సోనేపట్‌లో 1951లో అట్లాస్, లూథియానాలో 1956లో హీరో వచ్చాయి. హీరో పెట్టిన ముంజాల్ సోదరులు అంతకుముందు సైకిలు విడిభాగాల వ్యాపారం చేసినవాళ్ళే. ఇక్కడ మనం గమనించాల్సిన ముక్క ఒకటుంది. కంపెనీలు ఎన్ని వచ్చినా సైకిలు మాత్రం ఆ పాత ఇంగ్లీషు సైకిలే. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక దానికి 40. ముందు హబ్బులో పక్కకి పది చొప్పున సన్న గోళీలు, వెనక హబ్బులో తొమ్మిదేసి పెద్ద గోళీలు. ఏళ్ళ తరబడి ఈ లెక్క మారలేదు. అంచేత తాతగారి రాలీకి మనవడి అట్లాస్ పుల్ల పట్టేది. ఒకడి పాత సైకిలు విప్పితే నలుగురి సైకిళ్ళు లేచి కూర్చునేవి.

అసలు పేదవాడిని కాపాడింది ఈ మార్పు లేకపోవడమే. సైకిలు షాపులో మొత్తం వస్తువు ఎవరు కొన్నారు గనక? ఒక్క పుల్ల ఇస్తారు, రెండు గోళీలు ఇస్తారు, వాల్‌ట్యూబు బెత్తెడు కత్తిరించి ఇస్తారు. టైరు ఓ చోట చిరిగితే మరో చచ్చిన టైరులోంచి జానెడు ముక్క కోసి లోపల పరుస్తారు. దాని పేరు గేటరు. గేటరు వేసిన చక్రం ప్రతి చుట్టుకీ ఒకసారి టక్కుమని ఎగిరేది. మా వీధిలో ఆ టక్కుల్ని బట్టే ఎవరు ఇంటికొస్తున్నారో చెప్పేవాళ్ళం. ముందు టైరు కంటే వెనక టైరు త్వరగా అరుగుతుంది, బరువంతా దాని మీదే కనక. అందుకని అరిగినదాన్ని ముందుకి, గట్టిదాన్ని వెనక్కి మార్చి ఇంకో ఏడాది లాగేవారు. ఓవర్‌హాలింగ్ అనే మాట మన నోళ్ళలో ‘ఓవరాయిలింగ్’ అయిపోయింది. తప్పేముంది? చేసేదంతా కిరసనాయిలూ గ్రీజూ పనే. ఎడమ పెడలు మర అటుదిటుగా వుంటుందని తెలియక కొత్త కుర్రాడు దాన్ని విప్పబోయి ఇంకా బిగించేయడం, మేస్త్రీ చేత మొట్టికాయ తినడం ప్రతి షాపులోనూ మొదటి పాఠం.

రిపేరు డబ్బులు మా ఇంట్లో పోపులడబ్బాలోంచి వచ్చేవి. నాన్న సైకిలు కిర్రుమందంటే అమ్మ మొహం మారేది. ఆ నెలలో నా పరికిణీ గుడ్డో, తమ్ముడి పుస్తకాలో వెనక్కి వెళ్ళేవి. సైకిలు ఒక్కరోజు ఆగితే పని ఆగినట్టే మరి. పెడన నుంచి అద్దకం గుడ్డల మూటలు కట్టుకెళ్ళేవాడికైనా, గుడివాడలో పాలు పోసేవాడికైనా అంతే. గిలకలదిండి నుంచి చేపల పెట్టె కట్టుకొచ్చేవాడి అవస్థ ఇంకా ఘోరం. ఐసు కరిగి ఉప్పునీళ్ళు బొట్టుబొట్టుగా సరిగ్గా వెనక హబ్బు మీదే కారతాయి. ఇహ వానాకాలం సంగతి చెప్పక్కర్లేదు. రేగడి మట్టి మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య చేరి చక్రాన్ని పట్టేస్తే, మనిషే సైకిల్ని భుజాన మోసుకు నడవాలి. మడ్‌గార్డులు పీకేసి తిరిగినవాళ్ళు షోకు కోసం పీకారనుకోకండి.

అన్నట్టు, కృష్ణా జిల్లాకీ సైకిలుకీ రాజకీయాల్లోనూ చుట్టరికం వుంది. గన్నవరం నుంచి శాసనసభకి ఎన్నికైన పుచ్చలపల్లి సుందరయ్యగారు చట్టసభలకి సైకిలు మీద వెళ్ళడం అందరికీ తెలిసిందే. నిమ్మకూరులో పుట్టిన ఎన్టీ రామారావుగారు కుర్రతనంలో బెజవాడలో సైకిలు మీద పాలు పోశారంటారు. 1982లో ఆయన పార్టీ పెట్టారు. దాని గుర్తు సైకిలే. మరుసటేడు గుడివాడ నుంచి ఆయన గెలిచినప్పుడు, గోడల మీద గీసిన సైకిళ్ళకి మాత్రం ఒక్క పుల్లా వంగలేదని మా బాబాయి వేళాకోళం.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ మీద ఉప్పెన పడిన రోజు. తాటిచెట్లతో పోటీపడి నీళ్ళు లేచాయని చూసినవాళ్ళు చెబుతారు. ప్రభుత్వ లెక్కలోనే పదివేలమంది దాకా పోయారు. సొర్లగొంది లాంటి వూళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. అంతమంది పోయిన చోట సైకిలు గురించి మాట్లాడటమేమిటనిపిస్తుంది. కాని బతికున్నవాళ్ళు మర్నాటి నుంచి ఎలాగో కదలాలి కదా.

మా పెదనాన్నగారు నాగాయలంక దగ్గర ఒక పల్లెలో మేష్టరు. నీళ్ళు తీశాక మూడోనాడు ఆయన సైకిలు తుమ్మచెట్ల మధ్య దొరికింది. అవనిగడ్డలో రిపేరు చేసే అతను దాన్ని చూసి, “మేష్టారూ, పైన చిలుంకి భయం లేదండి, లోపలుందండి శత్రువు” అన్నాడట. సీటు పీకి, ఫ్రేము గొట్టంలోకి మంచినీళ్ళు పోసి అడుగునుంచి కారనిచ్చాడు. ఆ రోజుల్లో అక్కడ మంచినీళ్ళంటే ఏమిటో ఆలోచించండి. బావుల్నిండా ఉప్పునీళ్ళే. గొట్టం ఎండబెట్టి లోపల నూనె పోశాడు. చైను రాత్రంతా కిరసనాయిల్లో నానింది. గోళీలన్నీ గుంటలుపడ్డాయి. అన్నీ మార్చడానికి ఇద్దరి దగ్గరా డబ్బు లేదు. వెనక చక్రానికి మాత్రం పద్దెనిమిది గోళీలు కొత్తవి వేసి, ముందు చక్రానికి వున్నవాటిలో కాస్త నునుపైనవి ఏరి వేశాడు. ముందు బ్రేకు తీసి పక్కన పడేశాడు. దానికేం తీసుకున్నాడని నేనడిగితే పెదనాన్న చెప్పలేదు, “వాడింట్లో ఇద్దరు పోయారే” అన్నారు, అంతే.

ఆ సైకిలు మీద హాజరుపట్టీ చంకన పెట్టుకుని ఆయన గట్టు గట్టుకీ తిరిగారు. బడి మళ్ళీ తెరిచేలోగా ఎవరున్నారో తెలుసుకోవాలి కదా. పట్టీలో కొన్ని పేర్లకి ఎదురుగా గీత పెట్టలేక ఖాళీ వుంచేశారు. బంధువుల వూళ్ళకి వెళ్ళివుంటారేమోనని.

అట్లాస్ వాళ్ళ ఆఖరి ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. అది ప్రపంచ సైకిలు దినోత్సవం కూడా కావడం విచిత్రం. ఇప్పటి పిల్లల సైకిళ్ళకి గేర్లు, స్ప్రింగులు, లావు టైర్లు. ఒకదాని భాగం ఇంకోదానికి పట్టదు. ఆమధ్య మా అమ్మాయి సైకిలు గేరు విరిగితే బందరు కోనేరు సెంటరు వైపు ఓ షాపుకి తీసుకెళ్ళాను. “సెట్టు మొత్తం మార్చాలమ్మా, విడిగా రాదు” అన్నాడు అతను. ఖరీదు విని నేను నోరు తెరిచాను. అతను కాసేపు చూసి, గేర్లన్నీ పీకేసి పాత పద్ధతిలో ఒక్క పళ్ళచక్రం బిగించి, చైను రెండు లింకులు తగ్గించి ఇచ్చాడు. మా అమ్మాయి రెండు రోజులు అలిగింది. మూడోనాడు తొక్కుకుంటూ కాలేజీకి పోయింది.