ముల్లంగి కాడ, పూత: జిన్నారం నేల మీద నిలబడి ఒక వ్యాఖ్య

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార కూర్పు పట్టికల్లో ముల్లంగి గడ్డకూ ఆకుకూ వేర్వేరు లెక్కలున్నాయి. ఆ పద్ధతినే కాడకూ పువ్వుకూ పొడిగించి చూడటమే ఈ వ్యాఖ్య పని.

పూతకాడ: గడ్డ అంటే మొక్క దాచుకున్న నిల్వ. చలి తిని, పగటిపొద్దు పెరిగాక నడిమి నుంచి కాడ లేస్తుంది. దాచిన చక్కెరలు పైకి పోతాయి, గడ్డ బెండు పడుతుంది. విత్తనానికి వదిలిన మడిలో తప్ప రైతు అంతదాకా రానివ్వడు.

పీచు: లేత కాడలో సెల్యులోజు ఎక్కువ, లిగ్నిన్ తక్కువ. ముదిరేకొద్దీ నీటి గొట్టాల గోడలకు లిగ్నిన్ పడుతుంది. దాన్ని మన పేగులే కాదు, పశువు కడుపూ అరిగించుకోలేదు. పుటుక్కున విరిగితే కూరకు, నార సాగితే పెంటకు.

కాల్షియం: నీటితోపాటే వేరు నుంచి పైకెక్కుతుంది. ఆకులో నీరు ఆవిరైపోతుంది, కాల్షియం అక్కడే ఉండిపోతుంది, వెనక్కి దిగదు. అందుకే వంద గ్రాముల ఆకులో 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటే గడ్డలో 50 కూడా ఉండదు. పువ్వు నీటిని అంతగా వదలదు కాబట్టి దాని వాటా కొంచెమే. కాడ ఇక్కడ దారి, ఊరు కాదు.

నైట్రేటు: ఇదీ ఆ దారినే వెళ్తుంది. ఎండ తగిలితే ఆకు దీన్ని ప్రోటీనుగా మార్చుకుంటుంది. యూరియా మితిమీరినా, మబ్బు పట్టినా మారకుండా మిగిలింది కాడలో, తొడిమలో పేరుకుంటుంది. కిలో శరీర బరువుకు రోజుకు 3.7 మిల్లీగ్రాములు మించకూడదని అంతర్జాతీయ నిపుణుల సంఘం చెప్పిన హద్దు. అరవై కిలోల మనిషికి 222. ఉడికించి నీళ్లు వంపితే కొంత పోతుంది, విటమిన్ సి కూడా దాంతోపాటే పోతుంది.

ఘాటు: గ్లూకోసినోలేట్లు ఒక చోట, వాటిని విడగొట్టే మైరోసినేజు ఎంజైము ఇంకో చోట ఉంటాయి. కొరికితే రెండూ కలిసి ఐసోథయోసయనేట్లు పుడతాయి. రాబోయే విత్తనాన్ని కాపాడుకోవాలి కనుక మొక్క పూతకీ కాయకీ ఈ రక్షణ ఎక్కువే ఇస్తుంది. పోపులో వేగితే ఎంజైము చచ్చి ఘాటు తగ్గుతుంది. నన్నడిగితే పూతను పచ్చిగా పెరుగులో కలపడమే మేలు.

భారలోహం: ఈ మాట దగ్గర ఆగాలి. గడ్డపోతారం, కాజీపల్లి పారిశ్రామికవాడలు జిన్నారం పక్కవే. నక్కవాగు మంజీరలో కలిసే దారి పటాన్‌చెరు ప్రాంతానిది. అక్కడి నేలల్లో క్రోమియం, రాగి, జింకు, ఆర్సెనిక్ హెచ్చుగా ఉన్నాయని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2001లో ప్రచురించారు. ఏ లోహం మొక్కలో ఎక్కడ చేరుతుందన్నది వేరే లెక్క. సీసం, క్రోమియం చాలావరకు వేరు దగ్గరే నిలిచిపోతాయి. కాడ్మియం మాత్రం కాడ మీదుగా ఆకుకు చేరుతుంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్స్ కూడా కాడ్మియం హద్దును ఆకుకూరకు కిలోకు 0.2 మిల్లీగ్రాములు, దుంపకు 0.1 అని విడివిడిగానే పెట్టింది. ఆకు మీద ధూళిగా పడిన సీసాన్ని కడగొచ్చు, లోపలికెక్కిన కాడ్మియాన్ని కడగలేం.

కాబట్టి ఈ వాగు పక్క మళ్ల ముల్లంగి కట్టను మొత్తంగా రుబ్బి ఒక్క అంకె చెబితే నేను నమ్మను. గడ్డ, కాడ, ఆకు, పూత విడిగా కొలవాలి. ఆకునైతే కడగకముందు ఒకసారి, కడిగాక ఒకసారి.