కరెంటు తాయెత్తు

కరెంటు పెట్టుకుంటే కండలు వస్తాయా? పొట్ట కరుగుతుందా? ఈ ప్రశ్న ఇప్పటిది కాదు. రెండు వందల ఏళ్లకు పైగా జనం అడుగుతూనే ఉన్నారు. వ్యాపారులు "ఓ, భేషుగ్గా!" అంటూ సొమ్ము చేసుకుంటూనే ఉన్నారు. ఇవాళ దాని పేరు ఇ.ఎం.ఎస్. అంటే కండరాలకు సన్నని కరెంటు పంపి అవి ముడుచుకునేలా చేయడం. పొట్టకు కట్టుకునే బెల్టులు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. పెద్ద నగరాల్లో ఒళ్లంతా ఎలక్ట్రోడ్ల కోటు తొడిగి వ్యాయామం చేయించే స్టూడియోలు వెలిశాయి. 20 నిమిషాలు చాలు, గంటల తరబడి జిమ్ములో చెమటోడ్చినట్టే అని ప్రచారం. ఇందులో నిజమెంత, భ్రమ ఎంత? చరిత్ర తిరగేస్తే జవాబు దొరుకుతుంది.

నేనుండే ఊరు బిలాస్‌పూర్. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే వల్ల పెరిగిన రైల్వే పట్టణం. 1931లో విజయనగరం - రాయపూర్ మార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్ర నుంచి ఇటు రావడం మరీ సులువైంది. మన తెలుగువాళ్లు ఇక్కడ తరతరాలుగా ఉన్నారు. 2003 నుంచి ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. కరెంటు సంగతి ఈ ఊరివాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. పట్టాల మీద తీగలో 25 వేల వోల్టులు. కోర్బా బొగ్గు బండిని లాగేది ఆ కరెంటే. పట్టాల పక్కన సిగ్నల్ పచ్చగా వెలిగేది కూడా కరెంటుతోనే. కానీ సిగ్నల్ దీపంలోని కరెంటు బండిని లాగుతుందని ఇక్కడ చిన్నపిల్లవాడు కూడా అనడు. సిగ్నల్ "వెళ్లు" అంటుంది, అంతే. లాగేది ఇంజను.

పాఠకులు ఈ తేడా గుర్తుంచుకోవాలి. ఇ.ఎం.ఎస్. గురించిన అపోహలు చాలావరకు సిగ్నల్‌ను ఇంజను అనుకోవడం వల్ల పుట్టినవే.

ఇటలీలో లూయీజీ గాల్వానీ కోసిన కప్పకాళ్లు విద్యుత్తు తగిలితే తన్నుకోవడం గమనించి 1791లో ఆ వివరాలు ప్రచురించాడు. జంతువుల శరీరంలోనే విద్యుత్తు ఉందన్నాడు. అలెస్సాండ్రో వోల్టా ఒప్పుకోలేదు. ఆ వాదులాటలోంచే 1800లో వోల్టా బ్యాటరీ పుట్టింది. గాల్వానీ మేనల్లుడు ఆల్దీనీ 1803 జనవరిలో లండన్‌లో ఉరితీసిన జార్జ్ ఫోస్టర్ అనే ఖైదీ శవానికి కరెంటు పెట్టాడు. దవడ వణికింది, ఒక కన్ను తెరుచుకుంది, పిడికిలి బిగిసింది. చూసినవాళ్లలో కొందరు చచ్చినవాడు లేచి వస్తాడేమో అనుకున్నారు. కరెంటే ప్రాణం, కరెంటే బలం అనే భ్రమ అప్పుడే జనంలోకి పాకింది.

నిజానికి ఆ శవం కదలడానికి కారణం కండరాల్లో ఇంకా మిగిలి ఉన్న శక్తి. కొన్ని గంటలు ఆగి ఎంత కరెంటు పెట్టినా ఆ శవం కదలదు. సిగ్నల్ పచ్చగానే ఉంటుంది, ఇంజనులో శక్తి అయిపోయింది.

ఈ శక్తి ఏమిటో తేల్చినవారిలో ఒకడు మన తెలుగువాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని గుర్తించాడు. కండరాన్ని ప్రేరేపించి పనిచేయిస్తే ఆ పదార్థం విచ్ఛిన్నమవుతోంది, విశ్రాంతినిస్తే మళ్లీ తయారవుతోంది. 1929లో వీరిద్దరూ ఏ.టి.పి.ని కూడా ప్రకటించారు. ఇంగ్లండులో ఎగుల్టన్ దంపతులు, జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా దాదాపు అదే కాలంలో విడివిడిగా ఇవే పదార్థాలను కనుక్కున్నారు. మనవాడని అంతా ఆయన ఖాతాలోనే వేయడం హేతువాదులకు తగదు. అయినా సుబ్బారావు పాత్ర తక్కువేమీ కాదు.

దీన్నిబట్టి తేలేదేమిటి? కండరం పనిచేసేది తనలో దాచుకున్న శక్తితో. ఆ శక్తి వచ్చేది మనం తినే తిండి నుంచి. బెల్టు పంపే కరెంటు కండరంలో బలంగా మారదు. అది నరానికి ఆజ్ఞ ఇస్తుంది, అంతవరకే.

ఈ విషయం తేలకముందు నుంచీ వ్యాపారం మాత్రం ఆగలేదు. ఫ్రాన్సులో డ్యుషెన్ అనే వైద్యుడు ఒక్కో కండరాన్ని విడిగా ప్రేరేపించి పక్షవాతాల తీరు అధ్యయనం చేశాడు, 1855లో గ్రంథం రాశాడు. అది సైన్సు. అదే రోజుల్లో పుల్వర్‌మాకర్ గొలుసులని ఒంటికి చుట్టుకునే విద్యుత్ గొలుసులు సర్వరోగ నివారిణిగా అమ్ముడుపోయాయి. 1857లో వచ్చిన 'మదామ్ బోవరీ' నవలలో ఫ్లోబేర్ ఒక మందుల షాపువాడి ఒంటికి ఆ గొలుసు చుట్టి ఎగతాళి చేశాడు. ఒకే కరెంటు. ఒకరి చేతిలో పరిశోధన, ఇంకొకరి చేతిలో తాయెత్తు.

అమెరికాలో 1949 నుంచి రిలాక్స్-ఎ-సైజర్ అనే యంత్రం వచ్చింది. పడుకునే ఉండండి, నడుము సన్నబడుతుంది అన్నారు. సుమారు 4 లక్షలు అమ్ముడయ్యాక 1970లో అది ప్రమాదకరమని కోర్టు అమ్మకాన్ని నిషేధించింది. 1977లో సోవియట్ శాస్త్రవేత్త యాకవ్ కోట్స్ మాంట్రియల్ సదస్సులో క్రీడాకారుల బలం 40 శాతం దాకా పెంచామని చెప్పాడు. 'రష్యన్ కరెంటు' పేరు మారుమోగింది. పశ్చిమ దేశాల్లో చేసిన పరీక్షల్లో ఆ స్థాయి ఫలితం తేలలేదు. 2002 మే నెలలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ టీవీల్లో అమ్మే మూడు పొట్ట బెల్టుల కంపెనీల మీద తప్పుడు ప్రకటనల కేసులు పెట్టింది.

అయితే అంతా బూటకమేనా? కాదు. అలా కొట్టిపారేయడం కూడా అపోహే. 2002లో విస్కాన్సిన్‌లో పోర్కారి బృందం ఇలాంటి ఒక యంత్రాన్ని 8 వారాలు పరీక్షించింది. బరువు, కొవ్వు, బలం దేనిలోనూ చెప్పుకోదగ్గ మార్పు లేదు. 2005లో అదే పరిశోధకుడి బృందం మరింత శక్తివంతమైన ఒక బెల్టును పరీక్షిస్తే పొట్ట కండరాల బలం 58 శాతం పెరిగింది. నడుము కొలత కూడా కాస్త తగ్గింది. కానీ బరువు తగ్గలేదు, చర్మం కింది కొవ్వు మందం మారలేదు. అంటే యంత్రం సరైనదైతే కండరం గట్టిపడవచ్చు. కొవ్వు కరగడం వేరే సంగతి. మోకాలి ఆపరేషన్ తర్వాత తొడ కండరం చిక్కిపోకుండా ఫిజియోథెరపిస్టులు ఈ కరెంటునే వాడతారు. అక్కడ అది నిజమైన వైద్యం.

కొవ్వు లెక్క మీరే వేసి చూడండి. జర్మనీలో కెమ్లర్ బృందం 2012లో ప్రచురించిన పరీక్షలో, తేలికపాటి వ్యాయామం చేస్తే గంటకు 352 కేలరీలు ఖర్చయ్యాయి. అదే వ్యాయామం కరెంటు కోటుతో చేస్తే 412. తేడా గంటకు 60. 20 నిమిషాల సెషన్‌కు 20 కేలరీలు. అంటే టీలో వేసుకునే ఒక చెంచా చక్కెర! ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. కరెంటు వల్ల అదనంగా కిలో తగ్గాలంటే 385 సెషన్లు కావాలి. టీలో ఒక చెంచా చక్కెర మానేస్తే పైసా ఖర్చు లేకుండా అదే లాభం.

ఇక "నొప్పి లేదు, శ్రమ లేదు, కాబట్టి ప్రమాదం లేదు" అనే అపోహ అన్నిటికంటే చెడ్డది. మామూలు వ్యాయామంలో అలసట వస్తే మనమే ఆగిపోతాం. కరెంటు మెదడును అడగదు. అవే కండర తంతువులను మళ్లీ మళ్లీ పనిచేయిస్తుంది. తొలిసారే తీవ్రంగా చేస్తే కండర కణాలు పగిలి, వాటిలోని మయోగ్లోబిన్ రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. ఇలాంటి కేసులు వచ్చాక ఈ కోటును నియంత్రించాలని ఇజ్రాయెల్ వైద్యులు 2016లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. వాడిన తర్వాత కండరాలు విపరీతంగా నొప్పి పుట్టి, మూత్రం డికాషన్ రంగులో వస్తే క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

ఇదంతా మా ఊరికెందుకు అంటారా? మా కాలనీ కుర్రాళ్లలో చాలామంది రైల్వే గ్రూప్-డి పరీక్షలకు తయారవుతుంటారు. అందులో దేహ దారుఢ్య పరీక్ష ఉంది. మగపిల్లలు 35 కిలోల బరువు కింద పెట్టకుండా 2 నిమిషాల్లో 100 మీటర్లు మోయాలి. 4 నిమిషాల 15 సెకన్లలో 1,000 మీటర్లు పరుగెత్తాలి. ఆడపిల్లలకు 20 కిలోలు, పరుగుకు 5 నిమిషాల 40 సెకన్లు. "మావయ్యా, బెల్టు కట్టుకుని చదువుకుంటూ కూర్చుంటే చాలట కదా, రెండు పనులూ అవుతాయట" అని ఒక కుర్రాడు నన్ను అడిగాడు. పరుగుకు గుండె, ఊపిరితిత్తులు అలవాటు పడాలి. బరువు మోయడానికి నడుము, కాళ్లు, చేతులు మెదడు చెప్పినట్టు కలిసి పనిచేయడం నేర్చుకోవాలి. పొట్ట మీది బెల్టు వీటిలో ఏదీ నేర్పదు. పరీక్షకు మిగిలిన నెలలు బెల్టును నమ్మి పోగొట్టుకుంటే పోయేది బెల్టు ధర ఒక్కటే కాదు, ఉద్యోగం కూడా. "రోజూ తెల్లవారుజామున మైదానానికి పోరా నాయనా" అన్నాను.

మన దేశంలో 1954 నాటి ఔషధాలు, మాయ చికిత్సల చట్టం ఉంది. ఫలానా జబ్బులకు మందు అంటూ ప్రకటనలు ఇవ్వరాదని ఆ చట్టంలో ఒక జాబితా ఉంది. అందులో స్థూలకాయం కూడా ఉంది. శరీర నిర్మాణం మీద, అవయవాల పనితీరు మీద ప్రభావం చూపడానికి ఉద్దేశించిన వస్తువును కూడా ఆ చట్టం ఔషధంగానే లెక్కిస్తుంది. బాబాల తాయెత్తులకు మనం చూపించే ఆ చట్టాన్ని స్థూలకాయం పోగొడతామనే కరెంటు బెల్టుల ప్రకటనలకూ చూపించాలన్నది నా వాదన. తాయెత్తుకు బ్యాటరీ తగిలించినంత మాత్రాన అది సైన్సు అయిపోదు.

ఎవరైనా ఇలాంటి బెల్టు అమ్మజూపితే మూడు ప్రశ్నలు అడగండి. దీన్ని ఎవరి మీద, ఎన్ని వారాలు పరీక్షించారు? ఉత్తుత్తి బెల్టు కట్టినవాళ్లతో పోల్చి చూశారా? పెరిగింది బలమా, తగ్గింది కొవ్వా, దేన్ని కొలిచారు? ఈ మూడింటికీ జవాబు వచ్చాకే పర్సు తీయండి.