ఇంజన్ రూమ్ మెట్లు

కోరంగి రేవు ఓడలకు ఇంజినీరు అక్కర్లేకపోయేది. గాలిని తెరచాపలో పట్టే నేర్పే అక్కడి చదువు. ఆ రేవును 1839 తుపాను ఊడ్చేసింది. అప్పటికే ఆవిరి వచ్చేసింది. 1825లో ‘ఎంటర్‌ప్రైజ్’ అనే ఆవిరి ఓడ ఇంగ్లండు నుంచి కలకత్తా చేరడానికి 113 రోజులు పట్టింది. అందులోనూ చాలా రోజులు తెరచాపలే నడిపించాయి.

1856లో కలకత్తా - బర్మా మధ్య ఆవిరి ఓడల కంపెనీ పుట్టింది. తరవాత కాకినాడ, విశాఖ రేవుల నుంచి మన కూలీలు డెక్కు మీద మూటలు పరుచుకుని రంగూన్ వెళ్లేవారు. ఆ డెక్కు కింద, కొలిమిలోకి బొగ్గు విసిరేవాడు ఆగ్‌వాలా. అతనికి బొగ్గు అందించేవాడు కోయలావాలా. మంట రంగు చూసి ఆవిరి సత్తా చెప్పగలిగేవాళ్లు. వాళ్లపైన టిండాలు అనే మేస్త్రీ, ఆ పైన సారంగు అనే పెద్ద మేస్త్రీ. అంతే, మెట్లు అక్కడితో అయిపోయేవి. బొగ్గు మనవాడు వేస్తే వాల్వు దొర తిప్పేవాడు. ఆ దొర తరచూ స్కాట్లండువాడు.

1919 ఏప్రిల్ 5న సింధియా కంపెనీ ఓడ ‘లాయల్టీ’ బొంబాయి నుంచి లండన్‌కు బయల్దేరింది. ఆ తేదీనే ఇప్పుడు జాతీయ నౌకా దినం. ఓడ స్వదేశీదే, కానీ దాన్ని నడిపే అధికారులను తయారుచేసే బడి మాత్రం దేశంలో లేదు. 1927లో బొంబాయి రేవులో ‘డఫరిన్’ శిక్షణ నౌక మొదలైంది. అదీ డెక్కు కుర్రాళ్లకే. ఇంజినీరింగ్ కేడెట్ల వంతు 1935లో గాని రాలేదు. పార పట్టినవాళ్లకు పుస్తకం అందడానికి ఇంత ఆలస్యం కావడం కాకతాళీయమని నేననుకోను.

1948లో విశాఖలో కట్టిన ‘జల ఉష’ ఓడ నీళ్లలోకి జారింది. మరుసటి ఏడాది కలకత్తా, బొంబాయిల్లో మెరైన్ ఇంజినీరింగ్ శిక్షణకు ప్రభుత్వ సంస్థ వచ్చింది. చదువులో చాలా భాగం వర్క్‌షాపులోనే.

ఈలోగా కొలిమే మాయమవుతూ వచ్చింది. 1912లో కోపెన్‌హాగెన్‌లో కట్టిన ‘సెలాండియా’ డీజిల్ ఓడ. దానికి పొగగొట్టమే లేదు! డీజిల్ పెరిగినకొద్దీ ఆగ్‌వాలాలు అక్కర్లేకపోయారు. నేటి పెద్ద ఓడల్లో చాలావాటిలో రాత్రిపూట ఇంజన్ రూమ్‌లో ఎవరూ ఉండరు. అలారం మోగితే డ్యూటీ ఇంజినీరు కేబిన్ నుంచి లేచి దిగుతాడు. జూనియరుగా చేరినవాడు క్లాస్ ఫోర్, క్లాస్ టూ, క్లాస్ వన్ పరీక్షలు దాటుతూ, నెలల తరబడి ఇంటికి దూరంగా ఉంటూ చీఫ్ ఇంజినీరవుతాడు.

2023లో అదే కోపెన్‌హాగెన్‌లో, మెథనాల్‌తో నడిచే కంటైనర్ ఓడ ‘లారా మెర్స్క్’కు పేరుపెట్టారు. మెథనాల్ మంట పగటి వెలుగులో కంటికి ఆనదు. దాన్ని పసిగట్టడానికి ఇంజినీరు పరికరాన్నే నమ్మాలి.