ట్యాంకులో గాలి

2017 మార్చి 29 ఉగాది. హేవిళంబి వచ్చిందని మొగల్తూరులో పచ్చడి తిన్నారు, పంచాంగం విన్నారు. మర్నాడు గురువారం. నల్లంవారితోట దగ్గర ఆనంద్ గ్రూపు వారి రొయ్యల ఫ్యాక్టరీలో, వ్యర్థాల ట్యాంకు శుభ్రం చేసే పనిలో ఐదుగురు కూలీలు చనిపోయారు. అందరూ కుర్రాళ్లే. కృష్ణంరాజు, చిరంజీవిల ఊరని చెప్పుకునే మొగల్తూరు పేరు ఆ రోజు టీవీల్లో మరోలా వినపడింది.

వాళ్ల చివరి మాటలు ఊహించి రాయడానికి నాకు మనసొప్పదు. అలాంటి ట్యాంకులో ఏం జరుగుతుందో మాత్రం చెప్పి తీరాలి.

రొయ్య తల తీసి, పొట్టు ఒలిచి, కడిగిన నీళ్లన్నీ ట్యాంకు చేరతాయి. వాటిలో మాంసకృత్తులు మెండు. గాలి సోకని అడుగున అవి కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. గాలికన్నా బరువైనది కాబట్టి బురద మీదే పేరుకుంటుంది. బురదను కదిపితే గుప్పున లేస్తుంది. కొద్దిగా ఉంటే కుళ్లిన కోడిగుడ్డు కంపు. గాలిలో పది లక్షల పాళ్లకు 100 పాళ్లు దాటితే ముక్కే మొద్దుబారిపోతుంది. దిగినవాడు కంపు పోయిందనుకుంటాడు. 700 దాటితే రెండు మూడు ఊపిర్లకే కూలిపోతాడు. పైనున్నవాడికి కనిపించేది తోటివాడు పడిపోవడం ఒక్కటే. అతనూ దిగుతాడు. ఇలాంటి మూసిన చోట్ల పోయే ప్రాణాల్లో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లవేనని అమెరికా కార్మిక ఆరోగ్య సంస్థ నియోష్ 1986లోనే హెచ్చరించింది.

ఆ ప్రమాదం నాటికి అమల్లో ఉన్న మన చట్టం అంతకన్నా పాతది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 36వ సెక్షన్. గాలిని పరీక్షించి, ప్రమాదం లేదని అర్హుడైన మనిషి రాసిస్తేనే దిగాలి. లేదంటే శ్వాస పరికరం తగిలించుకుని, నడుముకు బెల్టు కట్టుకుని దిగాలి. ఆ బెల్టు తాడు కొస బయట ఒకరి చేతిలో ఉండాలి. కావలసిందల్లా గాలిని పరీక్షించే, జేబులో పట్టే మీటరు, ఒక తాడు, పైన నిలబడే ఒక మనిషి!

మొగల్తూరు పక్కనే భీమవరం ప్రాంతంలో తుందుర్రు, జొన్నలగరువు, కంసాలి బేతపూడి జనం ఆ ప్రమాదం నాటికే రోడ్డెక్కి ఉన్నారు. తమ ఊళ్ల మధ్య ఆక్వా ఫుడ్ పార్కు వద్దన్నారు. గొంతేరు కాలువ పాడవుతుందన్నారు. 2016లో అక్కడ 144 సెక్షన్ పెట్టారు, కేసులు పెట్టారు. ఇంతమంది భయపడుతున్నప్పుడు ముందు రావలసింది పోలీసు జీపు కాదు, నీళ్లు పట్టే సీసాలతో ఒక శాస్త్రవేత్త.

ఆ శాస్త్రవేత్తకు తగిన చోటు కనిపిస్తోంది. మొగల్తూరు పొరుగున, నరసాపురం దగ్గర, 2022 నవంబరు 21న మత్స్య విశ్వవిద్యాలయానికి శంకుస్థాపన జరిగింది. చేపనూ రొయ్యనూ బతికించే చదువు అక్కడ ఎలాగూ ఉంటుంది. రొయ్యలు ఒలిచే ఆడవాళ్ల చేతులు, కాలువ గట్టున బోరు నీళ్లు, ట్యాంకులో గాలి, ఇవన్నీ చూసే పరిశోధన కేంద్రం కూడా అక్కడే పెట్టాలి.

దాన్ని నడపడం తేలిక కాదు. ఫ్యాక్టరీల డబ్బు తీసుకుంటే ఊరు నమ్మదు. ఊరి కోపాన్నే ఫలితంగా రాసేస్తే శాస్త్రం నిలవదు. అందుకే నమూనా పంచాయతీ వాళ్ల ఎదుటే తీయాలి, సీలు వేయాలి, ఒక సీసా ఊళ్లోనే ఉంచాలి. ఫలితం పత్రికలకెక్కేలోపే గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి. నీళ్లు బాగున్నాయని తేలినా అంతే గట్టిగా చెప్పాలి. ఆశా కార్యకర్త చెప్పే దగ్గు, దురదల లెక్క కూడా రికార్డులోకి ఎక్కాలి. ఇవన్నీ చూసుకునే డైరెక్టరు వారానికి కొన్ని రోజులైనా కాలువ గట్టు మీద కనబడాలి.

ముందుగా చేయాల్సిన పని ఒకటుంది. మొగల్తూరు, నరసాపురం, భీమవరం మండలాల్లో వ్యర్థాల ట్యాంకులు ఎన్ని ఉన్నాయో జాబితా రాయాలి. ఏది ఎప్పుడు శుభ్రం చేస్తారో కనుక్కుని, ఆ రోజు పొద్దున్నే మీటరు, తాడు పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లాలి.