చమురు పీపా – తాళం మూత



రాత్రిపూట పెద్ద రోడ్ల పక్కన వరసగా ఆగి ఉన్న లారీలను మీరందరూ చూసే ఉంటారు. పలమనేరు దాటి కోలారు వైపు వెళ్ళినా, ఇచ్ఛాపురం దాటి బరంపురం వైపు వెళ్ళినా, ఆదిలాబాదు దాటి పాంఢర్‌కవడా వైపు వెళ్ళినా ఆ దృశ్యం ఒక్కటే. డ్రైవరు నిద్రకు ఒరిగే ముందు రెండు పనులు చేస్తాడు. టైర్లను ఒకసారి కాలితో తట్టి చూస్తాడు. తరువాత డీజిలు టాంకు మూతను చేత్తో తిప్పి చూస్తాడు. ఆ మూత నడుమ తాళంచెవి పట్టేటంత సన్నని సందు ఒకటి ఉంటుంది. ఆ చిన్న సందు వెనక నూట యాభై సంవత్సరాల కథ ఉంది. ఈనాటి ప్రసంగంలో ఆ కథ మీకు మనవి చేస్తాను.

మన పూర్వుల ఇళ్ళల్లో దీపానికి ఆముదం, నువ్వులనూనె, ఇప్పనూనె వాడేవారు. గానుగ ఊళ్ళోనే ఉండేది. నూనె జాడీలో ఉండేది, జాడీ వంటింట్లో ఉండేది. జాడీకి తాళం ఎవరూ వెయ్యలేదు. తాళం అవసరమైతే అది గది తలుపుకే. చమురుకు ప్రత్యేకంగా తాళం కావలసి వచ్చింది భూమిలోంచి తీసిన నూనె వచ్చిన తరువాతే.

ఆ నూనెను కోస్తావారు కిరసనాయిలు అన్నారు. తెలంగాణాలో గాసునూనె అన్నారు. కన్నడ సీమలో ఉన్న మనవాళ్ళు చుట్టుపక్కల వారితోపాటు సీమనూనె అన్నారు. తమిళనాట మణ్ణెణ్ణెయ్, అంటే మన్నునూనె. మరాఠీ దేశంలో రాకేల్. ఇన్ని పేర్లున్నా మొదట్లో అది వచ్చింది మాత్రం ఒక్క చోటినుంచే. 1859 ఆగస్టులో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, టైటస్‌విల్ అనే ఊరి దగ్గర, ఎడ్విన్ డ్రేక్ అనే ఆయన సుమారు 69 అడుగుల లోతున చమురు కనుగొన్నాడు. తరువాత కొన్నేళ్ళకే అక్కడి కిరసనాయిలు ఓడలెక్కి మన రేవులకు వచ్చింది.

అది వచ్చిన తీరు గమనించండి. రేకు డబ్బాల్లో పోసి, మూత అతికి, రెండేసి డబ్బాలను ఒక చెక్కపెట్టెలో పెట్టి పంపేవారు. అతుకే దానికి తాళం. అతుకు విప్పితే ఎవరికైనా కనిపిస్తుంది. ఒక డబ్బా పోతే లెక్కలో వెంటనే తేలుతుంది. నూనె అయిపోయిన తరువాత ఆ డబ్బా బావి దగ్గర బాల్చీ అయ్యేది, గింజలు పోసుకునే పాత్ర అయ్యేది, విప్పి చదును చేస్తే పాకమీద రేకు అయ్యేది.

1892లో ఈ పద్ధతి మారింది. మార్కస్ శామ్యూల్ అనే లండను వర్తకుడు మ్యూరెక్స్ అనే ఓడలో రష్యా కిరసనాయిలును డబ్బాలు లేకుండా, ఓడ కడుపులోనే నింపి, సూయెజ్ కాలువ గుండా తూర్పు దేశాలకు పంపించాడు. తూర్పు రేవుల్లో ఇనుప టాంకులు కట్టించాడు. కొనేవాళ్ళు ఎవరి పాత్ర వాళ్ళు తెచ్చుకుంటారని ఆయన అనుకున్నాడు. కానీ జనానికి కావలసింది నూనెతోపాటు డబ్బా కూడా! అమెరికా కంపెనీ నీలం డబ్బాకు అలవాటుపడిన జనం ఖాళీ చేతులతో రాలేదు. చివరకు ఆయన రేకులు పంపించి, ఎర్రరంగు డబ్బాలు చేయించి అమ్మవలసి వచ్చింది.

శ్రోతలారా, ఇక్కడే మన కథలో అసలు మలుపు ఉంది. డబ్బాల్లో ఉన్నప్పుడు చమురును లెక్కపెట్టేవారు. టాంకులో పడిన తరువాత దాన్ని కొలవవలసి వచ్చింది. లెక్కపెట్టే వస్తువులో ఒకటి పోతే తెలుస్తుంది. కొలిచే వస్తువులో రెండు లీటర్లు పోతే కంటికి కనిపించదు. అప్పటినుంచి చమురు ఉన్న ప్రతిచోటా మూడు వస్తువులు జతగా వచ్చాయి. ఒకటి కొలత కడ్డీ. రెండు లక్క లేదా సీసపు సీలు. మూడు తాళం.

తరువాత 200 లీటర్ల ఇనుప పీపా ఊరూరికీ చేరింది. దాని మూతకు రెండు బిరడాలుంటాయి. రెండంగుళాలది చమురు పోయటానికి, ముప్పావు అంగుళానిది గాలికి. చమురు బయటకు రావాలంటే గాలి లోపలికి పోవాలి కదా! దొంగకు కావలసింది కూడా ఆ రెండంగుళాల దారే. అందులో ఒక రబ్బరు గొట్టం దింపి, రెండవ కొసను కిందికి పెట్టి, ఒక్కసారి పీలిస్తే చాలు. తరువాత చమురు తనంతట తానే దిగుతుంది. చప్పుడు లేదు, పగలగొట్టిన గుర్తు లేదు. అందుకే తాళం గోడౌను తలుపు దాటి పీపా మూతమీదికి ఎక్కింది.

తాళానికి అవసరం పెంచింది కరువు. 1942లో జపాను సైన్యం బర్మాను ఆక్రమించింది. వెనక్కు తగ్గుతూ ఆంగ్లేయులు యేనాంజాంగ్ చమురుబావులను తామే ధ్వంసం చేశారు. మనదేశానికి వచ్చే కిరసనాయిలులో పెద్దభాగం ఆ బర్మాదే. యానాం శ్రోతలకు ఈ సంగతి మరొక విధంగా కూడా తెలుసు. పక్కనే ఉన్న కోరంగి రేవునుంచి రంగూను వెళ్ళి, రేవుల్లో, బియ్యపు మిల్లుల్లో కష్టపడిన తెలుగువారిని అక్కడ కోరంగీలనే పిలిచేవారు. ఆ ఏడాది వారిలో వేలమంది కొండలూ అడవులూ దాటి కాలినడకన తిరిగివచ్చారు. వారు ఇళ్ళకు చేరేసరికి ఇక్కడ లాంతర్లలో నూనె లేదు. బస్సులు వెనక బొగ్గు పొయ్యి కట్టుకొని నడిచాయి. కిరసనాయిలుకు చీట్లు వచ్చాయి.

ఇంగ్లండులోనూ ఇదే అవస్థ. యుద్ధం ముగిసినా అక్కడ పెట్రోలు రేషను 1950 దాకా సాగింది. వ్యాపార వాహనాలకిచ్చే పెట్రోలు సొంత కార్లలోకి పోకుండా 1948లో దానికి ఎర్రరంగు కలిపారు. మనదేశంలో రేషను కిరసనాయిలుకు నీలంరంగు కలిపింది కూడా ఈ ఆలోచనతోనే. రంగు కూడా ఒక తాళమే. అది తీయటాన్ని ఆపలేదు కానీ, తీసినదాన్ని పట్టిస్తుంది.

ఇక 1973. అరబ్బు దేశాలు ఎగుమతులు తగ్గించటంతో మూడు డాలర్లున్న పీపా చమురు కొద్ది నెలల్లో పన్నెండు డాలర్ల దాకా పోయింది. అమెరికాలో రాత్రిపూట కార్లలోంచి గొట్టాలతో పెట్రోలు లాగటం ఎక్కువై, తాళం మూతలకు గిరాకీ పెరిగింది. ఇక్కడ మన ఊళ్ళల్లో ఏం జరిగిందో చెప్పటానికి నేను పుస్తకం తెరవనక్కరలేదు.

మా నాన్నగారు సరిహద్దులో ఒక రాతి క్వారీలో కాపలా ఉండేవారు. డీజిలు పీపా ఆయన పూచీ. 1974 ఎండాకాలంలో మధ్యాహ్నం బండిమీద పీపా వచ్చేది. యజమాని కడ్డీ ముంచి గీత పెట్టుకొని వెళ్ళేవాడు. తెల్లవారి ఇంజను వేయకముందే వచ్చి మళ్ళీ ముంచేవాడు. చిటికెనవేలు మందం తక్కువ! మూడుసార్లు ఇలాగే జరిగింది. మూడుసార్లూ కూలి కోశాడు. నలుగురిలో దొంగ అన్నాడు. మా అమ్మ నీళ్ళకు కూడా పొద్దుపోయాక వెళ్ళేది.

నాలుగోసారి నాన్నే అడిగారు. "అయ్యా, పీపాకు బీగం వెయ్యండి. చెవి మీరే తీసుకుపోండి." చమురు పీపామీద వెల్డింగు పెట్టటం ప్రాణాపాయం కాబట్టి, కమ్మరి విడిగా ఒక ఇనుప పట్టీ చేసి, బిరడాల మీదుగా బిగించి, కొసన గొళ్ళెం పెట్టి ఇచ్చాడు. యజమాని తాళంవేసి చెవి మొలతాడుకు కట్టుకొని పోయాడు. తెల్లవారి తాళం చెక్కుచెదరలేదు. పట్టీ కదలలేదు. కడ్డీ ముంచితే మళ్ళీ చిటికెనవేలు మందం తక్కువ!

అప్పుడు ఇంజను మెకానిక్కు వివరించాడు. డీజిలు వేడికి ఉబ్బుతుంది, చల్లబడితే కుంచించుకుపోతుంది. పదిహేను డిగ్రీల తేడా వస్తే 200 లీటర్లలో రెండు లీటర్లకు పైగా తగ్గినట్టు కనిపిస్తుంది. మధ్యాహ్నం ఎండలో కొలిచి, తెల్లవారుజామున చలిలో కొలిస్తే మిగిలేది అనుమానమే. పగలు మళ్ళీ ఉబ్బినా, అప్పటికి ఇంజను తాగుతూ ఉండేది కాబట్టి ఎవరికీ తెలియలేదు. కోసిన కూలి తిరిగి రాలేదు. దొంగ అన్నమాట మాత్రం వెనక్కు పోయింది. తాళం దొంగను ఆపటానికని అందరూ అంటారు. మా ఇంట్లో మాత్రం అది నిర్దోషికి సాక్ష్యం చెప్పింది.

ఈ ఉబ్బటం తగ్గటం వల్లనే పెట్రోలు బంకుల్లో సాంద్రతను పదిహేను డిగ్రీల వేడికి సరిచూసి రాస్తారు. వినియోగదారుగా మీరు ఆ లెక్క అడగవచ్చు. అయిదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపమని కూడా అడగవచ్చు.

తాళం మూత సంగతి కొంచెం వివరంగా చూద్దాం. మంచి మూతను తాళం వేశాక ఎంత తిప్పినా ఊరికే తిరుగుతుంది కానీ ఊడదు. బలంగా తిప్పి విరగ్గొట్టే అవకాశం అందువల్ల తగ్గుతుంది. గాలి లోపలికి పోయే ఏర్పాటు ఉంటుంది. అది మూసుకుపోతే ఇంజను డీజిలు లాగలేక నడిరోడ్డుమీద ఆగిపోతుంది. కనుక దొంగకు భయపడి గాలిసందును మైనంతోనో గుడ్డతోనో మూయకండి. టాంకు గొంతులో జల్లెడ ఉంటే గొట్టం దిగదు. అయితే తాళం వేశాను గొళ్ళెం మరిచాను అన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం. పైమూతకు తాళం వేసి, అడుగున ఉన్న మరబిరడాను వదిలేస్తే ఏం లాభం?

ఒక హెచ్చరిక. నోటితో గొట్టం పీల్చి చమురు తీయటం మన పొలాల్లో ఇప్పటికీ చూస్తున్నాం. ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణంమీదికి వస్తుంది. పసిపిల్లలు మంచినీళ్ళనుకొని సీసాలోని కిరసనాయిలు తాగిన ఇళ్ళు మనకు కొత్తకాదు. అలా జరిగితే వాంతి చేయించకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. తాళం మూత కాపాడేది డబ్బునొక్కటే కాదు.

మూత తెరిచే దొంగ తీసుకుపోవటానికే వస్తాడనుకోవటం పొరపాటు. కలపటానికి కూడా వస్తాడు. రేషను కిరసనాయిలు చవక, డీజిలు ప్రియం అయిన రోజుల్లో ఆ తేడాయే పెద్ద వ్యాపారమయింది. కోలారు బంగారుగనుల ఊరిలో పెరిగిన మంజునాథ్ షణ్ముగం ఇండియన్ ఆయిల్ అధికారిగా ఉత్తరప్రదేశ్‌లో కల్తీ బంకును పట్టుకున్నందుకు 2005 నవంబరు 19న కాల్చి చంపబడ్డాడు. ఆయన వయస్సు 27 సంవత్సరాలు. 2011 జనవరి 25న మహారాష్ట్రలోని మన్మాడ్ దగ్గర అదనపు కలెక్టరు యశ్వంత్ సోనావణెను చమురు కల్తీముఠా సజీవంగా దహనం చేసింది. ఈ రెండు పేర్లూ మన సరిహద్దు జిల్లాల ఇళ్ళల్లో జ్ఞాపకం ఉండవలసిన పేర్లు.

మంజునాథ్ హత్య తరువాత, 2006లో, కిరసనాయిలులో ఒక గుర్తుపదార్థం కలిపే పద్ధతి వచ్చింది. రెండేళ్ళు తిరిగేసరికి 2008లో అది ఆగిపోయింది. టాంకరు లారీలకు మారుచెవులు చేయటం కష్టమైన తాళాలు, దారి చూపే యంత్రాలు, ఇటీవల ఎలక్ట్రానిక్ తాళాలు వచ్చాయి. అయినా ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. చెవి ఎవరి చేతిలో ఉందో, లెక్క ఎవరి చేతిలో ఉందో అన్నదే అసలు ప్రశ్న. రెండూ ఒక్కరి చేతిలోనే ఉంటే ఎంత మంచి తాళమైనా ఆటబొమ్మే.

2010లో పెట్రోలు ధర మీద, 2014లో డీజిలు ధర మీద ప్రభుత్వ నియంత్రణ తొలగింది. రేషను కిరసనాయిలు మీద సబ్సిడీ 2020 నాటికి ముగిసింది. నీలంరంగు నూనె చాలా ఇళ్ళల్లో జ్ఞాపకంగా మిగిలింది. కానీ రాష్ట్రానికొక పన్ను ఉన్నంతకాలం సరిహద్దు సరిహద్దే. గోదావరి జిల్లాల బండ్లు యానాంలో నింపుకోవటం, అనంతపురం, చిత్తూరు వైపు లారీలు కర్ణాటకలో టాంకు నిండా పోయించుకోవటం మీరెరిగినదే. అలా నిండిన టాంకుకే రాత్రి తాళం ఎక్కువ కావాలి. చవకగా వచ్చిందని పెట్రోలును ప్లాస్టిక్ క్యానుల్లో ఇంట్లో దాచటం మాత్రం ఏ తాళమూ కాపాడలేని ప్రమాదం.

శ్రోతలారా, మీ ట్రాక్టరుకో, ఇంజనుకో, జనరేటరుకో తాళం మూత పెట్టించండి. చెవి ఒకరి దగ్గర ఉంచండి, లెక్కపుస్తకం ఇంకొకరి దగ్గర ఉంచండి. కొలత రోజూ ఒకే వేళకు, వీలయితే తెల్లవారుజామున తీయండి. తక్కువ వచ్చిన రోజున కాపలావాడి ముఖం చూడకముందు, నిన్న ఎండ ఎంత కాసిందో ఒకసారి గుర్తు చేసుకోండి.

ఆ కమ్మరి చేసిన ఇనుప పట్టీ మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. పీపా లేదు, క్వారీ లేదు, నాన్నా లేరు. పట్టీకి తుప్పు పట్టకుండా ఏడాదికొకసారి మా అమ్మ నూనె రాస్తుంది.