భారతదేశంలో పక్షుల చిత్రలేఖనం

పక్షిని చూసినవారు గుర్తుపట్టేలా దాని ఆకారాన్ని, రంగులను, ఈకల అమరికను గీసే కళ పక్షుల చిత్రలేఖనం. చంపి ఎండబెట్టిన పక్షిలో ఈకల రంగు చాలావరకు నిలిచినా ముక్కు, కాళ్లు, కంటి చుట్టూ ఉండే చర్మం త్వరగా వెలిసిపోతాయి. అందుకే కెమెరాలు రాకముందు ఆ రంగులకు బొమ్మే ఆధారం.

మన దేశంలో ఈ కళకు గట్టి పునాది పడింది మొఘల్ చక్రవర్తి జహంగీర్ కొలువులో. 1612లో గోవా నుంచి తన అధికారి ముకర్రబ్ ఖాన్ తెచ్చిన వింత జంతువులు, పక్షుల గురించి చక్రవర్తి తన స్మృతుల్లో వర్ణించి ఊరుకోలేదు, బొమ్మలు కూడా గీయించాడు. వాటిలోని టర్కీ కోడిని చిత్రించినవాడు ఉస్తాద్ మన్సూర్. సైబీరియా కొంగకు యూరపులో శాస్త్రీయ నామం పెట్టింది 1773లో. మన్సూర్ దాన్ని అంతకు నూటయాభై ఏళ్ల ముందే గీశాడు.

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న డోడో చిత్రం కూడా మన్సూర్‌దేనని భావిస్తారు. అందులో గోధుమరంగు డోడో చుట్టూ మరికొన్ని పక్షులున్నాయి. వాటి జాతులేవో ఇప్పటికీ పోల్చుకోవచ్చు. అవి ఇంత కచ్చితంగా ఉన్నాయి కనుక, అంతరించిపోయిన డోడో రంగునూ నమ్మవచ్చన్నది పరిశోధకుల వాదన.

1777 నుంచి 1783 వరకు కలకత్తాలో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి భార్య లేడీ మేరీ ఇంపీ తన తోటలో పక్షులను, జంతువులను పెంచింది. వాటి బొమ్మలు గీయడానికి పాట్నా నుంచి వచ్చిన షేక్ జైనుద్దీన్, భవానీదాస్, రామ్‌దాస్‌లను నియమించింది. ఇంగ్లండు కాగితంపై నీటిరంగులతో, వీలైనంతవరకు పక్షి అసలు పరిమాణంలోనే వాళ్లు గీశారు. బొమ్మ అంచున పక్షి పేరు పారశీకంలో, చిత్రకారుడి పేరు, సంవత్సరం కనిపిస్తాయి. మూడు వందలకు పైగా ఉన్న ఈ చిత్రాల్లో సగానికి మించి పక్షులవే.

ఇంగ్లండులో పక్షిశాస్త్రవేత్త జాన్ లాథమ్ కొన్ని పక్షులను ఈ బొమ్మలు చూసే వర్ణించాడు. హిమాలయాల మోనాల్ నెమలికోడి శాస్త్రీయ నామంలో ఇంపీ పేరు అలా చేరింది. అయితే బొమ్మను నమ్ముకోవడంలో చిక్కూ ఉంది. వేర్వేరు చిత్రాలను చూసి లాథమ్ ఒకే పక్షికి రెండు మూడు పేర్లు పెట్టిన సందర్భాలున్నాయి.

తర్వాత రాతిముద్రణ వచ్చింది. రాతిపై జిడ్డు సుద్దతో గీసి, అచ్చు తీసి, ఒక్కో ప్రతికి చేత్తో రంగులద్దేవారు. మద్రాసులో సైనిక వైద్యుడు థామస్ జెర్డాన్ 1843–47 మధ్య ముఖ్యంగా దక్షిణ భారత పక్షులతో 50 చిత్రాల పుస్తకం వెలువరించాడు. వాటిలో చాలావరకు స్థానిక చిత్రకారులు గీసినవే. కడప ప్రాంతపు కలివికోడిని జెర్డాన్ 1848 ప్రాంతంలో కనుగొన్నాడు. అప్పటికే పుస్తకం పూర్తయింది కనుక ఆ పక్షికి అందులో చోటు దొరకలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో పక్షుల బొమ్మలు జేబుపుస్తకాల్లోకి చేరాయి. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ రంగుల చిత్రాలతో భారతీయ పక్షుల పుస్తకాన్ని 1941లో ప్రచురించాడు. ఫొటోలో పక్షి రంగు వెలుతురును బట్టి మారుతుంది, ముఖ్యమైన గుర్తు కొమ్మ చాటున పడిపోవచ్చు. బొమ్మలో మగ, ఆడ, పిల్ల పక్షులను ఒకే భంగిమలో పక్కపక్కనే చూపవచ్చు. ఈ సౌలభ్యం వల్లే పక్షులను పోల్చుకునే పుస్తకాల్లో చాలావాటికి నేటికీ చిత్రకారులే బొమ్మలు గీస్తున్నారు.